రాజవ్వకు చలి చూపించిన బండి

పోయిన శుక్రవారం జైస్ కొండ మీద ఒక ముసలాయన తెల్ల కారును వెనక్కి నడిపిస్తూ పైకెక్కాడని, దాని ముందు ఒక ముసలామె నడుచుకుంటూ వచ్చిందని, పోలీసు డిక్కీ తెరిపిస్తే నిండా రాళ్ళున్నాయని మా క్రషర్ క్యాంపులో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. కొంచెం పెంచి చెబుతున్నారు లెండి. కొండంతా కాదు, ఒక్క ఎత్తు మాత్రమే. రాళ్ళు కాదు, కంకర. మిగతాదంతా నిజం. ఆ ముసలాయన నేనే. కూర్చోండి, టీ తాగుతూ వినండి, ఇంకెవరో చెప్పగా వినడం కంటే నా నోటితోనే వినడం మేలు.

నా పేరు గంగారాం, మాది జగిత్యాల దిక్కు. దుబాయి అవతల రాస్ అల్ ఖైమాలో జైస్ కొండ కింద రాయి పగలగొట్టే క్రషర్ ఉంది, అందులో ముప్పై ఏళ్ళు టిప్పర్ నడిపాను. కరోనా అయిపోయాక మా ముదీర్, అంటే మేనేజరు, పిలిచి, చాచా, ఇక బండి దిగు, కాటా దగ్గర కూర్చో అన్నాడు. కాటా అంటే టిప్పర్లను తూచే వే బ్రిడ్జి. వచ్చే పోయే బండి మీద ఎంత బరువుందో చూసి చెప్పడమే ఇప్పుడు నా డ్యూటీ. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. బరువు సంగతి చూడడానికి నాకు జీతం ఇస్తున్నారు.

అసలు గొడవంతా చలి దగ్గర మొదలైంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో జనవరి నెలలో కొండ మీది క్వారీలో తెల్లవారు డ్యూటీ పడింది. చేతులు స్టీరింగుకు అంటుకుపోయేవి. ఇంటికి కబురు చేశాను, ఒక గొంగడి పంపమని. నా భార్య రాజవ్వ పంపింది. పక్క ఊరి మనిషి తెచ్చి ఇచ్చాడు, కానీ తెచ్చేముందు ఊరంతా చెప్పి వచ్చాడు. రాజవ్వ బీడీలు చుట్టేది. పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని చుట్టే పని, మాటలకు కొదవ ఉండదు. ఎండల దేశంలో నీ మొగడు గొంగడి కప్పుకుంటున్నాడట కదా అని ఒకామె, కప్పుకోవడానికి కాదు, అమ్ముకోవడానికి అని ఇంకొకామె. అప్పటి నుంచి ఇప్పటిదాకా, ఉత్తరాలు పోయి ఫోన్లు వచ్చినా, ఫోన్లు పోయి వాట్సాప్ వీడియోలు వచ్చినా, రాజవ్వ అడిగే మాట ఒకటే. నిజం చెప్పు, గొంగడి ఎవరికిచ్చినవ్? వీడియోలో గొంగడి చూపించాను. ఉంటే ఉంది గానీ అక్కడ చలి ఉంటదంటే మాత్రం నమ్మనంది.

మొన్న జనవరిలో రాజవ్వ విజిట్ వీసా మీద వచ్చింది. ముదీర్ మంచివాడు, కాటా పక్కన ఉన్న నా క్యాబిన్‌లో ఉండనిచ్చాడు, ఒక నెల, తర్వాత ఖలాస్ అన్నాడు. వచ్చిన రోజు నుంచి ఆమె పని ఒకటే. మధ్యాహ్నం క్యాబిన్ బయట కుర్చీ వేసుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, వచ్చే పోయే టిప్పర్ల దుమ్ములో కూర్చుని, "ఏదయ్యా నీ చలి?" అని అడగడం. మా క్రషర్ ఉన్నది కొండ కింద, సముద్రానికి దగ్గర. ఇక్కడ జనవరి అంటే మన దగ్గర కార్తీకం అంత హాయి. ఆమె తప్పేం లేదు. చలి ఉన్నది పైన. ఎంత చెప్పినా నవ్వేది. ఊరికి పోయినంక ఆడోళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలుసు అనేది.

ఆమె వెళ్ళిపోయేలోపు జైస్ కొండ ఎక్కించి, ఆ గాలిలో నిలబెట్టి, ఆమె నోటితోనే గొంగడి ఇటివ్వు అనిపించాలి. అదొక్కటే నా కోరిక. ఈ దేశంలో నేను చెప్పిన మాటల్లో ఆమె నమ్మని మాట అదొక్కటే మరి.

మా క్యాంపులో సత్తిబాబు అని ఒకతను ఉన్నాడు. గోదావరి వైపు మనిషి, నీళ్ళ ట్యాంకర్ తోలుతాడు, నన్ను బాబాయ్ అంటాడు. అతనికి సొంత చిన్న కారు ఉంది, భార్యను వంట పనికి దింపి తెచ్చుకోవడానికి కొనుక్కున్నాడు. నా కారు తీసుకెళ్ళండి బాబాయ్ అన్నాడు. వద్దన్నాను. కొండ మీదికి బస్సు కూడా ఉందండి అన్నాడు. దానికీ వద్దన్నాను. ముప్పై ఏళ్ళు ఆ కొండ రాయి మోసిన మనిషిని, పెళ్ళాన్ని బస్సులో టికెట్ కొని ఎక్కించి చూపించాలా? నా పక్క సీట్లో ఫోర్‌మన్లు కూర్చున్నారు, మెకానిక్కులు కూర్చున్నారు, ఒకసారి గాయపడిన మేక కూడా కూర్చుంది. రాజవ్వ ఎప్పుడూ కూర్చోలేదు. సొంత బండి కొంటానన్నాను. నా లైసెన్సులో పెద్ద బండీ ఉంది, చిన్న బండీ ఉంది. చిన్నది ఎప్పుడూ నడపలేదు, అంతే. పెద్దది వచ్చినవాడికి చిన్నది రాదా?

ఏ బండి అని అడిగాడు సత్తిబాబు. వెనక తలుపు పైకి లేచే బండి అన్నాను. హ్యాచ్‌బ్యాక్ అంటారండి అన్నాడు. నాకు ఎందుకు నచ్చిందంటే దాని వెనక తలుపు టిప్పర్ తలుపులాగే పైనుంచి వేలాడుతుంది. ఎత్తు కూడా తక్కువ, రాజవ్వ మోకాళ్ళకు ఇబ్బంది లేదు. సత్తిబాబు ఫోన్‌లో వీడియోలు చూసి ఇంకో మాట నేర్పాడు, వింటర్ హ్యాండ్లింగ్ అని. చలి దేశాల్లో తడి రోడ్డు మీద, మంచు మీద బండి ఎంత మాట వింటుందో దానికి ఆ పేరట. ఆ మాట నాకు తెగ నచ్చింది. పవర్ ఉండాలి, వింటర్ హ్యాండ్లింగ్ ఉండాలి అని కాటా మీదికి వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. తూకం నా చేతిలో ఉంది కదా.

ఊరి బయట పాత కార్ల బజారులో ఒక ఖాన్ సాబ్ ఉన్నాడు, పఠాన్ మనిషి, గడ్డానికి మెహందీ పెట్టుకుంటాడు. సత్తిబాబు, నేను వెళ్ళాం. ఒక ఎర్ర కారు చూపించి ఏసీ వేశాడు. గడ్డకట్టే చల్లగాలి వచ్చింది. ఏసీ సంగతి నేను అడగలేదు, హీటర్ పని చేస్తుందా అన్నాను. ఖాన్ సాబ్ నా ముఖం చూశాడు, సత్తిబాబు ముఖం చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో హీటర్ అడిగినవాణ్ణి మొదటిసారి చూస్తున్నానన్నాడు. ఆ కారుకు హీటర్ పైపు ఎవరో ఎప్పుడో పీకేశారు. పైగా ముగ్గురం కూర్చుని ఎత్తు ఎక్కిస్తే ఆయాసం వచ్చిన మనిషిలా మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. వద్దన్నాను.

తర్వాత ఒక నీలం కారు. దీనికి హీటర్ ఉంది, ఇంజనులో జోరు కూడా ఉంది. ఇక హ్యాండ్లింగ్ చూడాలి. ఇక్కడ మా టిప్పర్ డ్రైవర్ల అలవాటు ఒకటి చెప్పాలి. వాన పడిన రోజు ఖాళీ టిప్పర్ తోలం. ఖాళీ బండికి వెనక బరువు ఉండదు, చక్రం జారుతుంది, తోక అటూ ఇటూ కొడుతుంది. అందుకని వెనక ఒక బకెట్ కంకర వేసుకునే తోలుతాం. బరువుంటే పట్టు, పట్టుంటే ప్రాణం. ముప్పై ఏళ్ళు ఇదే నన్ను బతికించింది. అందుకని నేను ముందుచూపుతో మా క్రషర్ నుంచి కంకర సంచులు కొన్ని అడిగి తెచ్చి సత్తిబాబు కారులో పెట్టించాను. ఖాన్ సాబ్ దుకాణం వెనక వదులు కంకర పోసిన ఎత్తు ఒకటి ఉంది. నీలం కారు డిక్కీలో ఒక సంచి పెట్టి ఎక్కించాను. సగం ఎక్కి చక్రం గిర్రున తిరిగి ఆగిపోయింది. వింటర్ హ్యాండ్లింగ్ లేదు అని దిగేశాను.

మూడోది తెల్ల కారు. ఇంజను పెద్దది, పద్దెనిమిది వందల సీసీ అన్నాడు. ఎక్స్‌లేటర్ మీద కాలు పెడితే ఎద్దు తాడు తెంపుకున్నట్టు దూకింది. గేర్ల బండి. హీటర్ వేడి గాలి కొడుతోంది. నాకు ఒళ్ళు పులకరించింది. సంచి పెట్టి ఎక్కించాను, జారింది. ఒక సంచి చాలలేదన్నమాట అని రెండు పెట్టాను. ఇంకా కింద నుంచే జారింది. మూడు పెట్టాను. కదలకుండా నిలబడి కేకలు పెట్టింది, రాళ్ళు ఎగిరి ఖాన్ సాబ్ టీ గ్లాసులో పడ్డాయి. బుర్ర ఉన్నవాడైతే ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు, సంచులు పెరిగే కొద్దీ జారడం ఎందుకు పెరుగుతోంది అని. నాకు రాత్రి బడిలో అక్షరాలు నేర్పిన మాస్టారు అనేవాడు, గంగారాం, నువ్వు తప్పు అక్షరమైనా సరే పలక పగిలేటట్టు రాస్తావురా అని. నేను నాలుగో సంచి కోసం చూస్తున్నాను.

సత్తిబాబు నెమ్మదిగా దగ్గరికి వచ్చి, "బాబాయ్, ఒక్క మాట చెప్పనివ్వండి. ఈ బండికి ఇంజను లాగేది..." అన్నాడు.

"నువ్వు నీళ్ళు తోలేటోనివి, నేను రాయి తోలినోన్ని" అన్నాను. పాపం నోరు మూసుకున్నాడు.

తప్పు టైర్లదని తేల్చాను. ఖాన్ సాబ్ టైర్లు మార్చి ఇస్తానని వెంటనే ఒప్పుకున్నాడు. ఎంత వెంటనే అంటే, టైర్ల కోసం కాదు, నన్ను దుకాణంలోంచి పంపడానికి ఒప్పుకున్నాడని నాకే అనిపించింది. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "చాచా, యే గాడీ హై, ట్రక్ నహీ" అన్నాడు. ఇది కారు, లారీ కాదు అని. ఆ సంగతి నాకు చెప్పాలా అనుకున్నాను.

క్యాబిన్ ముందు బండి ఆపితే రాజవ్వ చుట్టూ తిరిగి చూసింది. బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. తొక్కించాను. ముదీర్ కిటికీలోంచి చూసి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నాకున్న సంబరం మా పెళ్ళినాడు కూడా లేదు. ఈ మాట రాజవ్వతో అనకండి.

ఇక శుక్రవారం. రాజవ్వ ఫ్లైట్ ఆదివారం. అంటే ఈ రోజు చలి చూపించకపోతే ఇక లేదు. అదృష్టం చూడండి, పొద్దుటి నుంచి మబ్బు, మధ్యాహ్నానికి సన్న తుంపర. నాకు కావలసింది అదే. గొంగడి దులిపి, మడతపెట్టి, వెనక సీటు మీద కనపడేటట్టు పెట్టాను. డిక్కీలో మూడు కంకర సంచులు, తడి రోడ్డు కదా. సత్తిబాబు వచ్చి సంచుల వైపు చూసి, నా వైపు చూసి, ఏదో చెప్పబోయి, జాగ్రత్తండి అని మాత్రం అన్నాడు.

కొండ రోడ్డు మీద బండి ఏం పరిగెత్తిందండీ. మలుపు తిరిగితే మలుపు, ఎత్తు వస్తే ఎత్తు, ఇంజను కూనిరాగం తీస్తూ ఎక్కుతోంది. ఇదిగో ఇక్కడే మా పాత క్వారీ దారి కలిసేది, ఇదిగో ఇక్కడే బ్రేకు పట్టేసింది ఒకసారి అని చెబుతూనే ఉన్నాను. రాజవ్వ కిటికీలోంచి చూస్తూ వింటోంది. మధ్యలో ఒక్కసారి అంది, బండి మొకం పైకి లేసిందేందయ్యా, రోడ్డు కంటే మబ్బే ఎక్కువ కనపడుతున్నదని. అది పవర్ అన్నాను.

పైన ఒక మలుపు దగ్గర రోడ్డు పక్క నుంచి కిందికి వదులు కంకర పోసిన వాలు దిగుతుంది, దాని కింద చదునైన జాగా. అక్కడ నిలబడితే మా క్రషర్ అగ్గిపెట్టెంత కనపడుతుంది, దాని అవతల సముద్రం. నేను రాయి నింపుకునే రోజుల్లో టీ తాగిన చోటు. అందరూ రోడ్డు మీదే బండి ఆపి చూస్తారు. నేను మాత్రం కిందికి దింపాను. దిగేటప్పుడు ఎవరి బండైనా బాగానే దిగుతుంది.

రాజవ్వ తలుపు తెరిచి దిగింది. గాలి ఒక్కసారిగా వచ్చి ఆమె కొంగును నెత్తి మీదికి ఎగరేసింది. తుంపర సూదుల్లా గుచ్చుతోంది. నేను చేతులు కట్టుకుని నిలబడి, ఇప్పుడు అంటది, ఇప్పుడు అంటది అని చూస్తున్నాను. ఆమె కొంగు మెడ చుట్టూ చుట్టుకుంది. చేతులు చంకల్లో పెట్టుకుంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, నాకు వినపడుతోంది.

"ఎట్లున్నది?" అన్నాను.

"గాలి" అంది. "గాలి కొడుతున్నది, గంతే."

చూశారా? నేను మొండివాడినని మా క్యాంపు అంతా అంటుంది. ఎవరితో కాపురం చేసి మొండితనం నేర్చుకున్నానో ఎవరూ అడగలేదు. గొంగడి వెనక సీటు మీదే ఉంది, అద్దంలోంచి కనపడుతోంది. ఆమె దానివైపు కూడా చూడదు. చూస్తే ఒప్పుకున్నట్టు కదా. నేను ఇస్తానని అనను. అంటే నేను బతిమాలినట్టు కదా. ఇద్దరం అలా మా క్రషర్‌ను చూస్తూ నిలబడ్డాం. తుంపర వానయింది.

ఇక పోదాం అన్నాను. ఆమె ఇంకాసేపు చూస్తానని బయటే నిలబడింది. సరే, బండి రోడ్డు మీదికి ఎక్కించి పిలుస్తానని ఎక్కి, మొదటి గేరు వేసి, ఆ వాలు మీదికి పోనిచ్చాను. నాలుగు గజాలు ఎక్కింది. తర్వాత చక్రాలు గిర్రున తిరిగి, కంకర చిమ్మి, బండి మెల్లగా జారి మొదటికే వచ్చింది. మళ్ళీ పోనిచ్చాను, మళ్ళీ వచ్చింది. కొత్త టైర్లు. పద్దెనిమిది వందల సీసీ. మూడు సంచుల బరువు. ఇన్ని ఉండి ఎందుకు ఎక్కదు?

టిప్పర్ దిగబడితే మేం చేసే పని ఒకటుంది. చక్రం కింద గోనె పట్టా వేస్తాం, దాని మీద పట్టు దొరికి ఎక్కుతుంది. బండిలో గోనె లేదు. కంకర సంచులు ప్లాస్టిక్‌వి, పైగా వాటిని ఖాళీ చేస్తే బరువు పోతుంది. గుడ్డ లాంటిది ఏదైనా ఉందా అని వెనక్కి చూశాను.

మీకు అర్థమైపోయింది. నాకు ఆ క్షణంలో కాలేదు. చక్రానికి పట్టు కావాలి అన్న ఒక్క ఆలోచనే ఉంది. గొంగడి తీసి, మడత విప్పి, ముందు చక్రాల కింద చక్కగా పరిచి, ఎక్కి ఎక్స్‌లేటర్ తొక్కాను. చక్రం గొంగడిని పట్టుకుంది. పట్టుకుని, నమిలి, బురదలో ముంచి, బండి కిందికి లాగేసుకుంది. బండి మాత్రం అక్కడే ఉంది.

సరిగ్గా అప్పుడే బయట నుంచి రాజవ్వ అద్దం మీద వేలితో కొట్టింది. కిటికీ దించాను. ముప్పై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అప్పుడు వినపడింది.

"ఓ అయ్యా, గా గొంగడి ఇటియ్యి."

నేను ముందుకు చూశాను. ఆమె నా చూపు వెంట చూసింది. బంపర్ కింద నుంచి నల్లటి అంచు ఒకటి నాలుకలాగా బయటికి వేలాడుతోంది.

ఆమె వంగి, అంచు పట్టుకుని లాగింది. రాలేదు. నన్ను బండి కొంచెం జరపమంది. జరిపాను, వచ్చింది. నడిమధ్య చక్రమంత బొక్క. పిండింది, బురద నీళ్ళు కారాయి. అప్పుడు లేచి నిలబడి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను మళ్ళీ తొక్కమంది. తొక్కాను. ముందు చక్రం దగ్గర కూర్చుని చూసింది, వెనక చక్రం దగ్గరికి పోయి చూసింది. డిక్కీ మీద చేత్తో కొట్టింది.

"ఏందయ్యా, తిరుగుతున్నయి ముందు చక్రాలు. ఎనకవి ఊరికే ఉన్నయి" అంది. "ఎద్దులు ముందట ఉంటే నువ్వు బరువంతా బండి తోక మీద పెట్టినవ్. కాడి లేసింది. మెడ మీద బరువు లేకుంటే ఎద్దు ఎట్ల గుంజుతది?"

టిప్పర్‌కు జోరంతా వెనక చక్రాల్లో ఉంటుంది. ముప్పై ఏళ్ళు నా ఎద్దులు వెనక ఉన్నాయి. ఈ బండికి ఎద్దులు ముందు కట్టారు. నేను వెనక సంచి పెట్టిన ప్రతిసారీ ఎద్దుల కాళ్ళు నేల మీద నుంచి లేపుతున్నాను. నీలం కారు గుర్తొచ్చింది. ఖాన్ సాబ్ టీ గ్లాసు గుర్తొచ్చింది. ఈ బండికి ఇంజను లాగేది అని సత్తిబాబు మొదలుపెట్టి మింగేసిన మాట, ముందు చక్రాలతోనండి అని నా చెవిలో పూర్తయింది.

మంచివాడైతే ఏం చేస్తాడు? అవునే, తప్పయింది అని దిగి, మూడు సంచులు తీసి కింద పడేసి, దర్జాగా ఎక్కిస్తాడు. ఆమె కూడా అదే అంది, సంచులు దించమంది. నేను దించనన్నాను. తెచ్చిన లోడు మధ్యలో దించే డ్రైవర్ని కాదన్నాను. ఎద్దులు ముందుంటే ఏమైంది, బండినే తిప్పుతా, అప్పుడు బరువు ఎద్దుల మీదే పడుతుంది అన్నాను. ఆ చదునులో బండిని తిప్పి, వెనక భాగాన్ని పైకి పెట్టి, రివర్స్ గేరు వేశాను.

ఎక్కమన్నాను. వెనక్కి పోయే బండ్ల కూసోనంది.

చెబితే నమ్మరు, బండి వాలు ఎక్కింది! కంకర మీద పట్టు దొరికింది, బండి బుద్ధిగా వెనక్కి వెనక్కి పైకి పోతోంది. టిప్పర్‌ను ఎన్నిసార్లు అద్దాల్లో చూస్తూ రివర్స్‌లో ఎత్తుకు పెట్టలేదు? ఆ పని నాకు కొట్టిన పిండి. కానీ ఒకటే ఇబ్బంది. రాజవ్వ బానెట్ ముందు నడుస్తూ వస్తోంది. నేను వెనక్కి పోతుంటే ఆమె నా ఎదురుగా నడుస్తోంది. భుజం మీద బొక్కపడిన గొంగడి, దాని నుంచి నీళ్ళు కారుతున్నాయి, చూపు నా ముఖం మీద. వైపర్ అటు పోతే ఆమె కనపడుతుంది, ఇటు వస్తే ఆమె కనపడుతుంది. అంత నెమ్మదిగా నేను జీవితంలో బండి నడపలేదు, ఆ కొద్ది దూరం అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు.

పైకెక్కేసరికి రోడ్డు మీద పోలీసు బండి ఆగి ఉంది. పడుచు పోలీసు, మర్యాదస్తుడు. బండి ఎందుకు వెనక్కి వస్తోంది, అమ్మ ఎందుకు నడుస్తోంది అని సగం అరబ్బీలో సగం హిందీలో అడిగాడు. ముందుకు ఎక్కదు అన్నాను. డిక్కీ తెరవమన్నాడు. తెరిచాను. సంచి ఒకటి మూతి విప్పి, చెయ్యి పెట్టి, గుప్పెడు కంకర తీసి చూశాడు. తర్వాత చుట్టూ ఉన్న కొండను చూశాడు.

"బాబా, పహాడ్ పే పత్థర్ క్యోం లాయా?" అన్నాడు. కొండ మీదికి రాళ్ళెందుకు తెచ్చావు అని.

ఏం చెప్పాలి? ఈ కొండ నుంచే ముప్పై ఏళ్ళు కిందికి మోశాను సాబ్, మూడు సంచులు వాపసు తెచ్చాను అన్నాను. ముందు ఆయన ముఖం గంభీరంగానే ఉంది. తర్వాత పెదవులు కదిలాయి. చివరికి బండికి ఆనుకుని నవ్వాడు. సంచులు డిక్కీలోంచి తీసి వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టే చోట పెట్టుకోమని, ఇక ముఖం ముందుకు పెట్టుకుని మెల్లగా దిగమని చెప్పాడు. పోతూ పోతూ రాజవ్వను చూసి, అంతా బాగేనా అమ్మా అని హిందీలో అడిగాడు. ఆమెకు హిందీ రాదు. కానీ ముఖం చూసి అర్థం చేసుకుంది. అచ్చ తెలుగులో, కన్నకొడుకుతో చెప్పుకున్నట్టు చెప్పుకుంది.

"చలి పెడుతున్నది నాయినా. మస్తు చలి."

విన్నారా? నాతో అనలేదు. పోలీసుతో అంది. అయినా నేను విన్నాను. ప్రభుత్వం ముందు చెప్పిన మాట. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

బండిలో కూర్చోబెట్టి హీటర్ పెట్టాను. ఖాన్ సాబ్ వింతపడిన హీటర్ అది, ఎంత బాగా పనిచేసిందో చెప్పలేను. తడి గొంగడి వెచ్చబడి బండంతా గొర్రెల మంద వాసన కొట్టింది. సంచులు ముందుకు జరిపాక బండి ముఖం కూడా కిందికి దిగింది, రోడ్డు కనపడుతోంది. నాకు లోపల ఆనందం ఆగడం లేదు. రెండు మలుపులు ఊరుకుని, మూడో మలుపులో ఆగలేక, ఇప్పుడన్నా నమ్మినవా అని అడిగాను.

రాజవ్వ హీటర్ ముందు చేతులు చాపి వేడి చేసుకుంటూ నిదానంగా చెప్పింది. "ఇన్నేండ్లు నువ్వు డ్రైవర్‌వని నమ్మిన, ఈడ చలి ఉంటదంటే నమ్మలే. ఇయ్యాల చలి ఉన్నదని నమ్మిన."

అంతే అని ఊరుకుంది. నేను డ్రైవర్ సంగతి మీద ఇంకో ముక్క ఉంటుందేమోనని క్రషర్ వచ్చేదాకా ఎదురుచూశాను. లేదు.

ఆదివారం ఆమెను ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాను, ముందుకే నడిపించుకుంటూ. గొంగడి ఉతికి, ఆరబెట్టి, అతుకు వేయిస్తానని ఆమే తీసుకెళ్ళింది. సాక్ష్యం తీసుకెళ్ళిందని నాకు తర్వాత తెలిసింది. బీడీలు చుట్టే చోట దాన్ని పరిచి, బొక్క చూపించి, మొత్తం కథ చెప్పిందట. సత్తిబాబు ఇప్పుడు ఏ మాట చెప్పడానికైనా ముందు, చెప్పమంటారా బాబాయ్ అని అడుగుతున్నాడు. మా కాటా మీదికి టిప్పర్లను కొందరు డ్రైవర్లు కావాలని రివర్స్‌లో ఎక్కిస్తున్నారు. నిన్న రాత్రి మా బావమరిది ఫోన్ చేశాడు. బావా, బాగున్నవా అని లేదు, తిన్నవా అని లేదు. ముందుకు పోయే గేర్లు పడుతున్నయా అని అడిగాడు. వెనక నుంచి పదిమంది ఆడవాళ్ళ నవ్వు వినపడింది.

ముప్పై ఏళ్ళు వాదించి గెలిచాను. ఇప్పుడు ఊళ్ళో ఎవరూ చలి సంగతి అడగడం లేదు.